రేణుక ఎత్తు బెల్లం

భూపాలపల్లిలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే రేణుకకు మేడారం జాతర దగ్గరపడుతుంటే గుండెల్లో రాయి పడింది. సమ్మక్కకు ఆమె నిలువెత్తు బంగారం మొక్కు ఉంది మరి. బంగారమంటే బెల్లమే. బజారులో దుకాణం ముందు, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా తక్కెడలో కూర్చుని తూగాలి. అసలే క్లాసులో మగపిల్లలు ఆమెను "డ్రమ్ము" అంటారు. వాళ్ళ నోళ్ళు పడ! కాలేజీ నుంచి ఇళ్ళకు పోయేది ఆ బజారు మీదుగానే.

అందుకని పిల్ల తిండి మానేసింది. అడిగితే ఒక్కపొద్దు అంది. జాతర ముందు అది మామూలే కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తూగాల్సిన రోజు పొద్దున కళ్ళు తిరిగి వాకిట్లో కూలబడ్డాక గానీ అసలు సంగతి బయటపడలేదు.

నాయనమ్మ సరోజన నెత్తి కొట్టుకుంది. "ఏంది బిడ్డా గిది? సమ్మక్క తల్లికి బెల్లం తక్కువ జోకిద్దామనా?"

"అందరు నవ్వుతరు అవ్వా. నేను లావున్న," అంటూ రేణుక వెక్కివెక్కి ఏడ్చింది.

"నవ్వితే పండ్లు రాలగొడ్త! చిన్నప్పుడు నీకు కామెర్లొచ్చి బొక్కలు తేలినయి. ఎత్తుకుంటె చేతిల ఏం లేనట్టే ఉండె. దవాఖానల కూసోని మొక్కిన. తల్లీ, నా బిడ్డకు ఒళ్ళు రానియ్యి, ఎంత లావైతే అంత బంగారమిస్త అని. ఆమె ఇచ్చింది. నువ్వు కరగబెడుతున్నవు!"

రేణుక తన ఒంటి వంక ఒకసారి చూసుకుంది. అద్దం ముందు నిలబడి తాను రోజూ తిట్టుకునే ఈ ఒళ్ళు, ముసలామె దేవతను బతిమాలి తెచ్చుకున్నదా! అవ్వ పెరుగన్నం కలిపి పెడుతుంటే ముద్ద ముద్దకూ కన్నీళ్ళు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసింది. ప్రాణం హాయిగా ఉంది.

సాయంత్రం డప్పులు మోగుతుంటే తక్కెడలో కూర్చుంది. అనుకున్నట్టే క్లాసు పిల్లగాడు విశాల్, వాడి జట్టూ ఆగి చూస్తున్నారు. అవతలి పళ్ళెంలో బెల్లం ముద్దలు పేరుతున్నాయి. వెనక ఇంకా చాలామంది ఉన్నారని దుకాణం బిక్షపతికి తొందర.

"సాలు, సరిపోయింది. దిగు బిడ్డా."

విశాల్ కిసుక్కుమన్నాడు. రేణుక చెవులు వేడెక్కాయి. దిగిపోతే అయిపోయేది. కానీ దిగలేదు, గొలుసులు గట్టిగా పట్టుకుంది.

"ఏడ సరిపోయిందన్నా? నా పళ్ళెం ఇంక భూమ్మీదనే ఉన్నది. సరిగ్గ జోకు!"