దిడ్డి తలుపు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు నల్లగొండ జిల్లాకు డిప్యూటీ ఇంజనీరుగా బదిలీ మీద వచ్చాను. ఊళ్ళలో చిన్న చిన్న సర్కారు కట్టడాలు, మరమ్మతులు మా పని. అసిస్టెంటు ఇంజనీరు అంచనా రాస్తాడు, డిప్యూటీ తనిఖీ చేసి సంతకం పెడతాడు. అంటే మంచికైనా చెడుకైనా జవాబు చెప్పవలసింది నేనే.

నార్కట్‌పల్లికి ఇవతల ఒక ఊళ్ళో చిన్న దవాఖాన పెట్టడానికి ఒక రైతు కుటుంబం తమ పాత ఇల్లు ఇచ్చింది. రాతిగోడలు, మధ్యలో సిమెంటు బదులు మట్టి. అంతా గట్టిగానే ఉంది గానీ, వీధి తలుపును చెదలు తినేశాయి. ఆ ఊరి పాత భూస్వామి దొర కోటలాంటి ఇంటిని, అంటే గడిని, కూల్చినప్పుడు దాచిన తలుపొకటి పంచాయతీ కొట్టంలో పడి ఉంటే, చూసి మనసు పారేసుకున్నాను. నిండు టేకు. కుడి రెక్కలో మనిషి వంగి దూరేటంత దిడ్డి. పెద్ద రెక్కలు తెరవకుండా రాకపోకలు సాగడానికి పెట్టే చిన్న తలుపును దిడ్డి అంటారు. నేను మహబూబ్‌నగర్ పట్నంలో పెరిగినవాణ్ణి. గడి అంటే నాకు పాత కట్టడం, అంతే.

వడ్రంగి నర్సింహాచారి ఆ ఊరివాడే, డెబ్బై దాటినవాడు. తలుపును చేత్తో తడిమి, "సారూ, గీ తలుపు గీడనే పెట్టాల్నా?" అని అడిగాడు. బరువుకు జంకుతున్నాడనుకుని, గోడ ఆగుతుందని లెక్కలన్నీ వివరించాను. ఆయన పనిలో దిగాడు.

పాత దర్వాజా, అంటే తలుపు చట్రం, ఊడదీసే ముందు పైగోడకు దుంగలతో ఆసరా ఇచ్చాం. అలనాటి తలుపులకు బందులుండవు. రెక్క అంచుకే పైనా కిందా కొయ్య మొలలుంటాయి, అవి దర్వాజా గుంటల్లో తిరుగుతాయి. చారి కింది గుంటలో ఇనుప బిళ్ళ వేసి ఆముదం పోశాడు. రెక్క చప్పుడు లేకుండా కదిలింది గానీ, గోడలోంచి మట్టి రాలింది. రోజూ తెరిస్తే గోడకు చేటు. అందుకని పెద్ద రెక్కలకు అడ్డగడియ వేసి, అందరూ దిడ్డిలోంచే వచ్చిపోవాలని రాసి సంతకం పెట్టాను. ఫొటోలు చూసి పై అధికారులు మెచ్చుకుంటే వారం రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

రెండు నెలలకు అక్కడి నర్సు సుల్తానా ఫోన్ చేసింది. బీపీ గోలీల కోసం వచ్చే ముసలివాళ్ళు కొందరు రావడం మానేశారట. ఎల్లవ్వ అనే ఆమెకు గోలీలు ఇంటికి తెచ్చిస్తానంటే, ఇంకా ఉన్నాయని చెప్పిందట. ఆ పొద్దున ఆమెకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. సుల్తానాది పక్క మండలం, కారణం ఆమెకూ తెలియదు. గడప ఎత్తు ఎక్కువైందని నేనే తేల్చేశాను.

ఎల్లవ్వ నల్లగొండ పెద్ద దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక, కొలిచే టేపు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. గడప ముందు మెట్టు కట్టిస్తానన్నాను. వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడదీసుకుని ఆమె చెప్పింది.

"మెట్టు గాదు బిడ్డా. నా చిన్నప్పుడు, వెట్టికి రాలేదని దొర మా నాయినను పిలిపిచ్చిండు. నాయిన గా దిడ్ల వంగి లోపటికి వోయిండు. నేను బయట నిలవడ్డ. మల్ల నాయిన నడిచి రాలే. మంచం మీద తెచ్చిన్రు. గప్పుడు తీసిన్రు పెద్ద తలుపు."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆ తలుపును ఏరి తెచ్చింది నేను. పెద్ద రెక్కలు మూయించింది నేను. నాలుగు గోలీల కోసం ఆ ముసలితల్లిని అదే దిడ్డిలో వంగమన్నదీ నేనే. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో గోడలు కూలడం చూశాను గానీ, అంతగా ఎప్పుడూ అదిరిపోలేదు.

అక్కణ్ణుంచి నేరుగా చారి ఇంటికి వెళ్ళి, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఆయన బాడిసె పక్కన పెట్టాడు.

"అడిగిన గద సారూ. మీరు గోడ ఆగుతదన్నరు."

మర్నాడే ఆ తలుపు దింపించి, మామూలు వేపచెక్క తలుపు పెట్టించాను. పై నుంచి సంజాయిషీ అడిగితే జరిగింది జరిగినట్టు రాశాను. కొన్నాళ్ళకు ఎల్లవ్వ ఎడమ చేతిలో కర్రతో దవాఖానకు వచ్చిందనీ, తలెత్తుకునే లోపలికి నడిచిందనీ సుల్తానా చెప్పింది.

మిగిలిన ఉద్యోగకాలంలో, పాత సామాను వాడే ఏ అంచనా వచ్చినా, అది ఎవరిది, దానితో ఏం జరిగింది అని ఆ ఊరి ముసలివాళ్ళను అడిగాకే సంతకం పెట్టాను. పనివాడు ప్రశ్న వేస్తే, జవాబు చెప్పే ముందు ఎందుకు అడుగుతున్నావని అడగాలి. నేను చారిని ఆ మాట అడగలేదు. ఎల్లవ్వ కుడి చెయ్యి మళ్ళీ లేవలేదు.