తలుపు వేసిన పాపానికి

మాది ఛత్తీస్‌గఢ్‌లోని కొంటా. నేను మానసిక ఆరోగ్య కౌన్సెలర్‌గా శిక్షణ పొందుతున్న రోజులవి. "మనిషితో ఏకాంతంగా మాట్లాడాలి" అని క్లాసులో చెప్పిన మాటను వేదవాక్కులా పట్టుకున్నాను.

దోర్ల గిరిజనుల ఊళ్లో లచ్చక్కకు ఏడాదిగా నిద్ర లేదన్నారు. ఆమె ఇంట్లోంచి అందర్నీ బయటికి పంపి, తలుపు వేసి, ఫారం తీశాను. పేరు అడగ్గానే ఆమె గజగజ వణుకుతూ గోడకు అతుక్కుపోయింది. అది చూసి భయపడేలోపే బయట కేకలు, తలుపు మీద దబదబా బాదుడు.

తలుపు తీస్తే ఎదురుగా ఆమె అత్త.

"ఏంది బిడ్డా ఇది? నా కొడుకును గూడ పోలీసోళ్లు ఇట్లనే లోపటికి తోల్కపోయి, తలుపేసి, కాగితం పట్టుకొని అడిగిన్రు. మళ్ల ఇంటికి రాలే."

"తప్పయిందవ్వా" అని ఫారం మడిచి సంచిలో పెట్టేశాను.

అవ్వ తిట్టలేదు. వాకిట్లో ఎండబోసిన ఇప్పపువ్వు దగ్గర చోటు చూపించింది. ఆడవాళ్ల మధ్య కూర్చుని నేనూ పువ్వులోంచి పుల్లలు ఏరుతుంటే, గంట తర్వాత లచ్చక్క తనంతట తానే భర్త గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు చేతికేదైనా పని అడుగుతాను. ప్రశ్నలు అడగాల్సిన అవసరం చాలాసార్లు రానేరాదు.