పసుపు పూసిన పొలిమేర రాయి

నేస్ అనే ఈ ఊళ్ళో మా ఇళ్ళ వెనక నుంచి బస్‌స్టాపుకు పోయే అడ్డదారికి మొన్న ఎవరో ఇనుప కంచె బిగించారు. దాని ముందు చైనా గోడ పిట్టగోడ. మా అమ్మాయి భుజాలు ఎగరేసి, "ఇట్స్ గ్రాండ్ అమ్మా!" అని చుట్టుదారి పట్టింది. ఈ ఐర్లండులో ఇల్లు వరదలో కొట్టుకుపోతున్నా, ఫరవాలేదనే ఆ ఒక్క మాటతో సర్దుకుపోతారు. నేను మాత్రం బస్సు పోతే పోయిందని కంచె ముందే నిలబడ్డాను. నా ఒంట్లో మా అమ్మమ్మ లేచి కూర్చుంది.

నా చిన్నతనం ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో గడిచింది. నాన్న ఆ ఊరి డాక్టరు. ఊళ్ళో మూడొందల మంది మనుషులు, మూడు లక్షల గొర్రెలు, ఒక చర్చి, ఒక బడి. బడికి దారి ఒక భూస్వామి పొలంలోంచి. పొలం ఆయనదే గానీ కాలిబాట తరతరాలుగా ఊరందరిదీ. ఆయన బొజ్జ గదిలోకి వచ్చిన పది నిమిషాలకు ఆయన వచ్చేవాడు. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏటా వసంతంలో జనమంతా పాదిరీగారి వెనక పొలిమేర చుట్టూ నడుస్తూ, హద్దు ఎక్కడో మరిచిపోకుండా ఒక్కో హద్దురాయినీ బెత్తాలతో కొట్టేవారు. మాతో ఉండటానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ, ఆ బాట పక్కనున్న హద్దురాయిని మొదటి వారమే చూసింది. పొలిమేరలో ఒంటరిగా నిలబడ్డ రాయి ఆవిడకు ఉత్త రాయెలా అవుతుంది? అమ్మవారే! "పాపం, తల్లికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో" అంటూ శుక్రవారం శుక్రవారం వెళ్ళి కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టేది. ఇంగ్లండు వాన కడిగేసేది, ఆవిడ మళ్ళీ పూసేది. ఇద్దరిలో అలిసింది వానే. పాదిరీగారు ఒకరోజు అది చూసి, చాలాసేపు ఆలోచించి, టోపీ తీసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ ఏడు నడక నాటికి భూస్వామి గేటుకు గొలుసు వేశాడు. ఇక్కడ బాటా లేదు, హద్దురాయీ లేదు, ఉంటే చూపించమన్నాడు. గేటు సందుల్లోంచి చూస్తే రాయి ఉండాల్సిన చోట గుంట. బాట పోతే పిల్లలం రోజూ బడికి మూడు మైళ్ళు చుట్టూ తిరగాలి. ఊరి పెద్దలు గొంతులు సవరించుకున్నారు, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, వెనక్కి తిరిగారు. అమ్మమ్మ తిరగలేదు. కుచ్చిళ్ళు దోపుకుని, తాటిచెట్టంత గేటెక్కి అవతలికి దూకింది. గుంట దగ్గర మొదలైన ఈడ్పు గాడి వెంట నేరుగా ఆయన బంగళా తోటలోకి నడిచింది. ఆవిడ వెనక అమ్మ, అమ్మ వెనక నేను, మా వెనక సిగ్గుపడుతూ ఊరు. గులాబీల మధ్య అలంకారంగా పాతి ఉంది మా రాయి.

"ఏం నాయనా, ఊరి తల్లిని ఈడ్చుకొచ్చి పూలమొక్కలకు కాపలా పెట్టావా?"

అమ్మ వణుకుతూ ఇంగ్లీషు చేసింది: "మీ తోట బాగుందంటోంది మా అమ్మ."

"ఆ రాయి మా తాతల నాటి నుంచీ ఇక్కడే ఉంది," అన్నాడాయన.

అమ్మమ్మకు ఆ మాట ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. వేలు తడి చేసుకుని, రాతిమీద చెక్కిన అక్షరాల పల్లంలో గట్టిగా రుద్ది, పచ్చబడ్డ వేలిని ఆయన ముక్కు కింద పెట్టింది. "మా దుగ్గిరాల పసుపు! నీ గులాబీలకు కాసిందా?"

ఈసారి అమ్మ వణకలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

ముందు పాదిరీగారు నవ్వారు, తర్వాత ఊరంతా. ఆ నవ్వుకు పక్క జిల్లాలో గొర్రెలు బెదిరాయి. ఆరుగురు రైతులు రాయిని మోసుకెళ్ళి గుంటలో దించారు. గొలుసు ఆయనే విప్పాడు. అప్పుడు పాదిరీగారికి మరుగునపడ్డ ఆచారమొకటి గుర్తొచ్చింది. నడిచినవాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళ తలను రాయికి తాటించాలట, ఎక్కువకాలం బతికి గుర్తుంచుకోవలసింది వాళ్ళేనని. ఆ రోజు చిన్నదాన్ని నేనే. మెల్లగానే తాటించామని అందరూ అంటారు గానీ, ఆ దెబ్బకు నాకు ఇంగ్లండు చరిత్రంతా ఒక్కసారి కనిపించింది.

భూస్వామి పోయాడు, పాదిరీగారు పోయారు, అమ్మమ్మా పోయింది. నా మోకాళ్ళు అరిగిపోతున్నా, గుర్తుంచుకోమని తల తాటించుకున్నదాన్ని గనక ఈ కంచె ముందు నుంచి కదల్లేదు. కాలం ఒక్కొక్కరినీ చెరుపుకుంటూ వస్తుంది, రానీండి. నా దాకా రావాలంటే మాత్రం అది కూడా ఆ బాట మీదే నడిచి రావాలి.