చలికాలపు ఫ్రిజ్, నా క్యారెట్ తొక్కు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, ఫోనులో వీడియో చూసి నేర్చుకోలేని పని ఈ లోకంలో లేదని. రెండోది, మా అవ్వకు ఏమీ తెలియదని. (అవ్వ అంటే మా అమ్మే, బాపు అంటే నాన్న. మా ఆలూరులో అలాగే పిలుస్తాం.) ఆ రెండు నమ్మకాలూ ఒకే సీసాలో, ఒకే మూత కింద పొంగిపోయిన కథ ఇది. చదివేవాళ్లలో తొక్కు (అదే, ఊరగాయ పచ్చడి) పెట్టడం బాగా వచ్చినవాళ్లుంటే, దయచేసి నవ్వును కాస్త లోపలే ఉంచుకోండి.

మొయినాబాద్ దాటి చిన్న మంగళారం వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక రిసార్టులో నాకు రిసెప్షన్ ఉద్యోగం కొత్తగా వచ్చింది. పొద్దున్నే చేవెళ్లకు వచ్చి బస్సెక్కడం, సాయంత్రం నిలబడి నిలబడి కాళ్లు పీకుతుంటే మళ్లీ చేవెళ్లలో దిగడం, అక్కడ బండి మీద కాచుకుని ఉన్న బాపు వెనక కూర్చుని ఇల్లు చేరడం, ఇదీ నా బతుకు. నాతో పనిచేసే కళ్లద్దాల అక్క మొయినాబాద్‌లో కిరాయికి ఉండేది. ఆమె రూంలో ఒక మంచం ఖాళీ అయింది. ఆ మంచం కోసం నేను ఎంత ఆశపడ్డానో చెప్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. బస్సు బాధ ఒక్కటే కాదు, నాకంటూ ఒక తాళంచెవి ఉండాలని, దాన్ని నా సంచిలో నేనే పెట్టుకోవాలని కోరిక. పండుగ వెళ్లేలోపు ఏ సంగతీ చెప్పకపోతే మంచం వేరేవాళ్లకు పోతుందని అక్క ముందే చెప్పింది.

ఇంట్లో మాట కదిపాను. అవ్వ రొట్టె తడుతున్న చెయ్యి ఆపకుండానే, "తొక్కు పెట్టరాదు గని రూం కావాల్నట! కూర మాడిన పొద్దు ఏం తింటవే? రిసార్టుల పూలకుండీలు తింటవా?" అంది. మా ఇంట్లో తొక్కు సీసా ఖాళీ అయితే ఇల్లే ఖాళీ అయినట్టు లెక్క. బాపు తక్కువ మాటల మనిషి, అన్న మాట మార్చడు. ఆయన, "నీ చేతి తొక్కేసుకొని నేను తిని, మళ్లా అన్నం కావాలె అన్ననా, పో. అడ్డం రాను. అనకుంటే ఈ ముచ్చట బంద్" అన్నాడు. సరే అన్నాను. మామిడికాయలు రావడానికి ఎండాకాలం దాకా ఆగాలి, మంచం అంతదాకా ఆగదు. అయినా నాకు భయం వేయలేదు. ఫోను ఉంది, పొలం నిండా మా బాపు పండించిన క్యారెట్ ఉంది, మూలన ఫ్రిజ్ ఉంది. ఇంకేం కావాలి?

'నిమిషాల్లో ఫ్రిజ్ పచ్చడి' అని ఒకావిడ నవ్వుతూ చెప్పిన వీడియో దొరికింది. క్యారెట్‌ను సన్నగా పుల్లల్లా తరిగి, సిర్కా (అదే వెనిగర్), చక్కెర, ఉప్పు కలిపి మరిగించిన నీళ్లు పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టడం, అంతే. మా రిసార్టులో అతిథులు ముచ్చటపడి తినేది కూడా ఇలాంటిదే. పెట్టాను. మర్నాడు బాపు ఒక పుల్ల నోట్లో వేసుకుని, కన్ను మూసి, తెరిచి, "ఇది అన్నంలకా, దగ్గు తగ్గనీకా?" అని అడిగాడు. అవ్వ అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. (నవ్వడానికే. ఏడవడానికి అంత తొందరగా పోదు.) "ఇది లెక్కల రాదు, ఇది నమూనా" అన్నాను నేను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఫోనులో ఇంకో వీడియో చూసి సిర్కా తీసేశాను, చక్కెర తీసేశాను. ఆదివారం ఏసయ్య గుడి నుంచి వచ్చాక భోజనంలో అసలు పరీక్ష అని నేనే ప్రకటించాను. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లలో క్యారెట్ ముక్కలు, దంచిన ఎల్లిపాయ, ఆవపొడి, మా ఇంటి కారం వేసి, సీసా నిండా నింపి, మూత బలం కొద్దీ బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే సీసా పట్టుకుని చూసేదాన్ని. ఎప్పుడు చూసినా అది మంచులా చల్లగా ఉండేది కాదు, ఏదో నీడన పెట్టినట్టు ఉండేది. పైగా అడుగు నుంచి చిన్న చిన్న బుడగలు లేచేవి. లోపలి లైటు ఎప్పుడో పోయింది. పాత ఫ్రిజ్, పాపం దాని శక్తి అంతే అనుకున్నాను. బుడగలంటారా, తొక్కు హుషారుగా ఉందనుకున్నాను. అవ్వను అడిగితే పోయేది. కానీ అవ్వకు ఏమీ తెలియదు కదా!

ఆదివారం వచ్చింది. బాపు గుడికి వేసుకున్న తెల్ల అంగీ విప్పకుండానే పీట మీద కూర్చున్నాడు. అన్నం ముందు ఆయన చేసే ప్రార్థన మామూలుగా రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆ రోజు మాత్రం ఊళ్లో ఉన్న రోగులందరినీ పేరుపేరునా తలుచుకుని, చివర్న "తినబోయే దానివల్ల ఏ హాని రాకుండ కాపాడు తండ్రీ" అన్నాడు. ఆమెన్ అనగానే నేను సీసా మూత తిప్పాను. బుస్సుమని ఒక చప్పుడు, ఎర్రటి నీళ్లు చిమ్మి బాపు తెల్ల అంగీ గుండెల మీద పడ్డాయి. బాపు అంగీ వైపు చూసుకుని, నా వైపు చూసి, "బాగ కోపంల ఉన్నదే బిడ్డా నీ తొక్కు" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గంటె వదల్లేదు. వేడన్నం మీద వడ్డించాను. ఆయన మెల్లగా, ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు. నేను గిన్నె, గంటె పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆయన మాత్రం మళ్లా అన్నం అడగకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఓడిపోయాను. అవ్వ కూడా ఆ పూట వెక్కిరించలేదు, అదే ఇంకా బాధ అనిపించింది. కానీ గిన్నెలు తోమడం కాగానే నేను మళ్లీ కత్తిపీట ముందు కూర్చుని క్యారెట్ తరగడం మొదలుపెట్టాను. "మళ్లెందుకే?" అంది అవ్వ. "బాపు అననీకి ఒక్క ఆదివారమే ఉన్నదా?" అన్నాను. ఏడుస్తూ తరిగినందుకో ఏమో, ముక్కలన్నీ వంకరగా వచ్చాయి.

మర్నాడు సాయంత్రం చేవెళ్లలో బస్సు దిగేసరికి బాపు ఎప్పటిలాగే బండి మీద ఉన్నాడు. హ్యాండిల్‌కు సద్ది డబ్బా వేలాడుతోంది. నేను ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటి కొంత దూరం వచ్చాక, ముందుకే చూస్తూ, "సీస ఖాళీ అయింది" అన్నాడు. పారబోశారనుకున్నాను.

"పొద్దుగాల సద్దిల ఏసుకపోయిన" అన్నాడాయన. "ఇంట్ల ఉడుకన్నంల అది కుదరలే బిడ్డా, ఉన్నమాట చెప్తున్న. గని పొలంల, సల్లటి సద్దన్నంల, ఆ పులుపు, ఆ ఆవఘాటు... క్యారెట్ తవ్వెటోళ్లు సుట్టు కూసున్నరు. డబ్బల అన్నం ఒడిసింది, తొక్కు ఒడ్వలే. మీ అవ్వకు ఫోన్ చేసి అన్నం మళ్లా తెప్పించిన."

బండి గుంతలో పడి లేచింది. నాకు అర్థం కావడానికి ఆ కుదుపు కావలసి వచ్చింది. "మళ్లా అన్నం అడిగినవా బాపూ?" అన్నాను. "అడిగిన. ఇంట్లనే అడగాల్నని షరతు పెట్టలే గద" అన్నాడు. తర్వాత ఇల్లు వచ్చేదాకా ఒక్క మాట లేదు. బండి దిగాక మాత్రం, "ఆ రూం కిటికీకి ఊసలున్నయా?" అని అడిగాడు.

ఊచలున్నాయి. బాపు వచ్చి ఒక్కో ఊచా పట్టుకుని ఊపి చూశాకే నా పెట్టె లోపలికి వెళ్లింది. పెట్టె సర్దేటప్పుడు అవ్వ రెండో సీసాను బట్టల మధ్య పెడుతూ, ఏమీ ఎరగనట్టు, "అక్కడ ఫ్రిజ్ పొద్దుగాల బంద్ చేసుడు యాదుంచుకో. లేకుంటే నీ తొక్కు గిట్ల రాదు" అంది.

"బంద్ చేసుడేంది?"

"చలికాలం ఫ్రిజ్ ఎందుకే? నువ్వు అటు పోంగనే బంద్ చేస్తుంటి. బండి సప్పుడు ఇనంగనే ఏస్తుంటి, లేకుంటే ఇల్లు నెత్తికెత్తుకుంటవ్. అది మాత్రం ఎంతసేపని గుర్రుగుర్రుమంటది? జర ఊపిరి తీస్కోవద్దా?"

ఎద్దుకు కాడి దించినట్టు మా అవ్వ ఫ్రిజ్‌కు స్విచ్ దించింది. నేను ఫోను చూసి పెట్టానని విర్రవీగిన తొక్కును నిజానికి పులియబెట్టింది ఆమె పొదుపు. ముందు కోపం వచ్చింది, నోరు కూడా తెరిచాను. కానీ నోట్లోంచి నవ్వే వచ్చింది. అవ్వ కూడా నవ్వింది, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా.

కళ్లద్దాల అక్క రూంలో ఫ్రిజ్ రాత్రీ పగలూ నడిచేది. అందులో నా తొక్కు చాలా మర్యాదగా, చల్లగా, ఏ కోపమూ లేకుండా ఉండేది. రుచి కూడా ఉండేది కాదు. ఇప్పుడు అదే మొయినాబాద్‌లో నాకు సొంత సంసారం, పెద్ద ఫ్రిజ్ ఉన్నాయి. క్యారెట్ వచ్చే చలికాలంలో పనికి పోతూ స్విచ్ దించేస్తాను. పాలు విరిగిన రోజున మా ఆయన, "దీన్ని ఎవరు బంద్ చేసిన్రు?" అని అరిస్తే, "జర ఊపిరి తీస్కోనీ" అంటాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వస్తుంది. బాపు తెల్ల అంగీకి ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఆయన దాన్ని పొలానికి వేసుకుంటాడు. సెలవు దొరికిన రోజున నేను సీసా పట్టుకుని ఆలూరు చేరి, సద్దివేళకు గట్టు మీద ఆయన పక్కన కూర్చుంటాను. అంత పంతం పట్టి సంపాదించుకున్న తాళంచెవి నా సంచిలోనే ఉంటుంది. బాపు మాత్రం నేను మూత తీసే ముందు ఇప్పటికీ కొంచెం పక్కకు జరుగుతాడు. సద్ది డబ్బా ఖాళీ చేసి, "ఇంక అన్నం లేదా?" అని అడిగేది ఇప్పుడు నేను.