పప్పన్నంలో కలిపి చెప్పిన మాట

శాంటా క్లారాలో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్ లీడ్ తెలుగావిడ. నేను అక్కా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం బాక్సులు వేడి చేసుకుని, కూరలు మార్చుకుని తినేవాళ్లం. అమెరికాలో నాకున్న చుట్టరికమంతా ఆ అరగంటే.

ఒకరోజు ఆవిడ నా ప్లేట్‌లో దోసకాయ పప్పు వేస్తూ, "వర్క్ కాస్త చూసుకోమ్మా, పైవాళ్లు వాచ్ చేస్తున్నారు," అంది. పెద్దవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా. మా ఇంట్లోనైతే జాగ్రత్తలు చెప్పకుండా గడప దాటనిచ్చేవాళ్లు కాదు. "అలాగే అక్కా," అని ఇంకొంచెం పప్పు వేయించుకున్నాను.

నెల తిరక్కుండా మీటింగ్‌కి పిలిచారు. అక్క, పక్కన హెచ్ఆర్ ఆవిడ. నా పని బాగాలేదని ముందే హెచ్చరించానని, మారకపోతే ఉద్యోగం ఉండదని అక్క ఇంగ్లిష్‌లో, ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పినట్టు చెప్పింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఎప్పుడు హెచ్చరించిందా అని ఆలోచిస్తే, అప్పుడు గుర్తొచ్చింది పప్పు.

బయటికొచ్చాక అడిగాను. "అక్కా, ఆ రోజు అన్నం తింటూ అన్నది ఇదా?"

"హర్ట్ అవుతావని మెల్లగా చెప్పానమ్మా. అర్థమైందనుకున్నా."

ఒళ్లు మండింది. అంత మెత్తగా చెబితే ఎవరికి తెలుస్తుంది, నా తలకాయ! కిందామీదా పడి ఉద్యోగం నిలబెట్టుకున్నాను గానీ, మళ్లీ ఆవిడ పక్కన కూర్చోలేదు. ఆవిడా పిలవలేదు. మైక్రోవేవ్ దగ్గర ఎదురుపడితే ఇద్దరం ఫోన్లు చూసుకునేవాళ్లం.

ఇప్పుడు నేనూ లీడ్‌నే. నా టీమ్‌లో ఎవరితోనూ కలిసి తినను. చెప్పాల్సింది తలుపేసి, కుండబద్దలు కొట్టినట్టు చెబుతాను. విన్నవాళ్లు ఏడ్చినా, పని సరిచేసుకుంటారు. నేను మాత్రం స్క్రీన్ చూస్తూ డెస్క్ దగ్గరే తింటాను. ఒక్కదాన్నే తింటే ఏ కూరా రుచించదు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కూడా.

మొన్న టీమ్‌లో కొత్తగా చేరిన తెలుగమ్మాయి బాక్సు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "అక్కా, గోంగూర తెచ్చాను. కొంచెం వేసుకుంటారా?"

మర్నాడు పొద్దుటికి ఆ అమ్మాయితో మీటింగ్ అప్పటికే పెట్టి ఉంచాను, పని బాగాలేదని చెప్పడానికి.

"ఆకలి లేదమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి వెళ్లి ఎదురుగా కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని తింది. ఇక ఆ పిల్ల చూస్తుండగా నా బాక్సు ఎలా విప్పను? అలాగే ఇంటికి తెచ్చేశాను.