తల్లికి ఫ్రిజ్ కొన్న కొడుకు

మాల్టాలో స్లీమా సముద్రపు ఒడ్డున కాఫీ కొట్లో రోజూ అదే మూల కుర్చీ వెన్జుది. తిన్న పస్తిజ్జి పఫ్‌ల పొట్టు గడ్డానికంటినా దులుపుకోడు. జన్మలో పందెం కాయనివాడు, ఆన్‌లైన్ జూదపు సైట్లలో ఏది మంచిదో లోకానికి రాసి చెబుతాడు; ఆ మాట నమ్మి చేరినవాళ్ళ మీద తలకింతని కమీషన్ పుచ్చుకుంటాడు. రాతలు కాజేసేవాళ్ళను పట్టుకోవడానికి ప్రతి వ్యాసంలోనూ ఒక అబద్ధం గుర్తుగా దాస్తాడు, మిగతాదంతా నిజమైనట్టు. మొన్నటి గుర్తు: "ఇక్కడ గెలిచిన డబ్బుతో మా అమ్మకు ఫ్రిజ్ కొన్నాను."

ఆదివారం తల్లి ఇంట్లో కుందేలు కూరతో భోంచేస్తూ ఫోన్లో వెతికితే, అదే వ్యాసం పొల్లు పోకుండా ఎవడిదో సైట్లో, అన్నిటికంటే పైన కనిపించింది. వెన్జు పేజీ ఎక్కడో అడుగున, చెత్త సైట్ల కింద పడి ఉంది.

"నా నోటికాడ కూడు లాక్కున్నాడమ్మా దొంగవెధవ. చూడు, ఫ్రిజ్ ముక్కతో సహా ఎత్తుకుపోయాడు," అని ఫోన్ తల్లి జీజా ముందు పెట్టాడు.

జీజా కళ్ళజోడు సవరించుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివింది. లేచి, తలుపు ఊడకుండా పాత ఫ్రిజ్‌కు కట్టిన తాడు ముడి విప్పింది. నీళ్ళ సీసా తీసి, మళ్ళీ ముడి వేసింది.

"పోనీలేరా," అంది, "వాడైనా వాళ్ళమ్మకు కొనిపెట్టాడేమో."