పాజిటివ్ వచ్చిన ఇద్దరం

మా తమ్ముడి కూతురికి క్షయ అంటుకుందని రేపల్లె నుంచి కబురు వచ్చింది. ఆ కబురే తప్పు. క్షయ వచ్చింది ఆమె భర్తకు. పడవలు, చేపల వ్యాపారం ఉన్న ఇల్లు వాళ్లది. అతను బాపట్లలో చూపించుకుని, మందులు వాడి తేరుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లందరికీ రక్తపరీక్ష చేయించమని డాక్టరు చెప్పారు. కోడలు చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. అత్తగారు తనకెందుకని మానేసింది.

ఆ పరీక్ష ఏమిటో తెనాలిలో ఒక డాక్టరును అడిగి తెలుసుకున్నాను. మన రక్తకణాలు క్షయక్రిమిని ఎప్పుడైనా ఎదుర్కొని ఉంటే, దాని ముక్కలు మళ్లీ కనబడగానే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. తోటి కణాలను సాయానికి పిలిచే కేక అది. పరీక్ష కొలిచేది ఆ కేకనే. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని దానికి అర్థం, రోగం ఉందని కాదు. అమ్మాయికి దగ్గు లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఆమె నుంచి ఎవరికీ అంటదు. ముందుజాగ్రత్తగా తల్లికీ బిడ్డకూ మందు ఇచ్చారు.

అయినా ఏడాది బిడ్డను ఆమెకు దూరం చేశారు. జబ్బుపడినవాడు ముందుగదిలో మంచం మీద, జబ్బులేని మనిషి వలలు పెట్టే రేకుల షెడ్డులో, వేరే కంచంతో. "దీన్నుంచే మావాడికి వచ్చిందండి" అని వియ్యపురాలు తేల్చేసింది. ఇంట్లో ఏ కీడు జరిగినా కోడలి మీదికి తోసే బుద్ధికి ఇప్పుడు ల్యాబు రిపోర్టు కూడా దొరికింది.

నోటిమాటతో లాభం లేదని నేనూ అదే పరీక్ష చేయించుకున్నాను. పాజిటివ్. మన దేశంలో ఎంతోమందికి వస్తుంది. ఇంతకంటే రుజువేం కావాలనుకుని రేపల్లె రైలెక్కాను.

"చూడమ్మా, నాకూ వచ్చింది. నేను రోగిష్టివాడిలా ఉన్నానా?"

వియ్యపురాలు బిడ్డను రెండో చంకకు మార్చుకుంది. "అయ్యో, మీకూనా అన్నయ్యగారూ. ఈ వయసులో జాగ్రత్తండి." నాకు టీ పేపరు గ్లాసులో వచ్చింది.

కణాల సంగతంతా వివరించాను. ఓపిగ్గానే విన్నది. "చదువుకున్నోళ్లు, మీరు ఎన్నైనా చెప్తారండి. పసిబిడ్డతో పందేలు కాయమంటారా?"

షెడ్డు గుమ్మంలోంచి అమ్మాయి అంది. "అత్తయ్యా, ఆయన దగ్గినన్నాళ్లూ మంచం పక్కన పడుకుని చూసుకుంది మీరే కదా. రేపు మీరూ రక్తం ఇచ్చిరండి."

"నాకెందుకే?"

"పోన్లెండి. మీకూ వస్తే మరి బిడ్డ ఎవరి చంకెక్కాలి?"

అమ్మాయి వచ్చి చేతులు చాపింది. బిడ్డ అటు వంగింది. పట్టుకున్న వియ్యపురాలి చెయ్యి కాసేపు అలాగే ఉండి, వదులైంది.

నేను బయలుదేరేసరికి బిడ్డ తల్లి భుజం మీద నిద్రపోతోంది. ఆమె కంచం మాత్రం ఇంకా షెడ్డులోనే ఉంది.